వరహాలు చదివిన ఉత్తరాలు

వరహాలుకి పక్షవాతం వచ్చిన నలభయ్యో రోజున కూడా ఆమె భర్త సింహాద్రి ఆమెకు ఉత్తరం రాశాడు.

మల్కాపురంలో ఓడరేవు గోడకి దగ్గరగా రెండు గదుల ఇల్లు వాళ్ళది. ముందు గదిలో మంచం మీద సింహాద్రి ఉంటాడు. ఇరవై రెండేళ్ళు టగ్గుబోటును నడిపించే సారంగుగా పనిచేసి, పెద్ద పెద్ద ఓడలకు తాళ్ళు వేయించి లాగి రేవులో నిలబెట్టిన మనిషి. ఇప్పుడు కనురెప్ప కూడా కదపలేడు. నరాల జబ్బు మొదట చేతులు పట్టుకుంది, తరవాత కాళ్ళు, ఆ తరవాత గొంతు, ఆఖరికి కళ్ళు. మెడ దగ్గర గొట్టంలోంచి ఊపిరి, పొట్ట దగ్గర గొట్టంలోంచి తిండి. తలాపున బల్ల మీద చిన్న నల్ల పెట్టె ఉంది. ఉత్తరం వచ్చినప్పుడు దాని మీద పచ్చదీపం మూడుసార్లు వెలుగుతుంది.

ఆ సాయంత్రం వెలిగింది.

"అత్తా, నాన్న రాశాడు," అంది నళిని. సింహాద్రి కూతురు, ఇంటర్ రెండో సంవత్సరం.

రత్నం వచ్చి పెట్టె వెనక తెర చూసింది. ఆమె పూర్తి పేరు నూకరత్నం. సింహాద్రికి చెల్లెలు, మధురవాడ కొండ మీద ఉన్న పరిశోధనశాలలో ప్రోగ్రామరు. తెర మీద రెండే సంగతులున్నాయి. పద్నాలుగు వందల ఎనభై ఆరో ఉత్తరం. నాలుగు వందల పన్నెండు అక్షరాలు.

"ఏం రాశాడో?"

"తెలీదే."

"ఆ తాళం చేసింది నువ్వే కదా అత్తా. నువ్వు కూడా తియ్యలేవా?"

"ఎవరూ తియ్యలేకుండా చేసింది నేనే," అంది రత్నం.

వెనక గదిలోంచి వరహాలు గొంతు వినపడింది. "రేపు. రేపు." పక్షవాతం ఆమె కుడి చెయ్యి, కుడి కాలు తీసుకుపోయి, ఉన్న మాటలన్నిట్లో ఈ ఒక్కటీ వదిలిపెట్టింది. మంచినీళ్ళకీ అదే, దుప్పటికీ అదే, ఏడుపు వస్తే అదీ అదే. రత్నం లేచి వదిన దగ్గరికి వెళ్ళింది.

*

పరిశోధనశాల వాళ్ళు ఆ యంత్రానికి మౌనలిపి అని పేరు పెట్టారు. మనిషి ఏదైనా అనాలనుకుంటే, నోరు కదలకపోయినా, మెదడులో ఒక మూల ఆ మాట కదులుతుంది. పుర్రె కింద అమర్చిన రూపాయి బిళ్ళంత పరికరం ఆ కదలికను విని అక్షరాలుగా మారుస్తుంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ ఉమాపతి పదకొండు మందికి అమర్చాడు. ఇద్దరు ఆపరేషను తరవాత మెదడుకి చీము పట్టి పోయారు. తొమ్మిదిమంది మిగిలారు.

ఆరేళ్ళ కిందట, ఇంకా ఎవరికీ ఏదీ అమర్చకముందు, దాని మీద ఒక సమావేశం జరిగింది. సింహాద్రి చేతిలోంచి తాడు జారిపోవడం అప్పటికి మొదలుకాలేదు. రోగి మనసులోంచి వచ్చే మాట బిళ్ళలోనే తాళం పడి బయటికి రావాలని అందరూ ఒప్పుకున్నారు. ఆ పనికి కావలసిన లైబ్రరీ, అంటే మిగతా ప్రోగ్రాములన్నీ పిలిచి వాడుకునే కోడ్ కట్ట, రత్నం రాసింది. అందులో ప్రతి ఉత్తరానికీ ఒక కొత్త తాళంచెవి పుడుతుంది. ఆ చెవిని ఉత్తరం చదవవలసిన మనిషికి మాత్రమే తెరుచుకునే చిన్న డబ్బీలో పెట్టి ఉత్తరానికి అంటిస్తారు. చదివేవాళ్ళు ఇద్దరైతే రెండు డబ్బీలు, పదిమందైతే పది. మధ్యలో ఇంకొకర్ని చేర్చాలంటే ఉత్తరాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఇదివరకే తెరవగలిగిన వాళ్ళెవరో తమ డబ్బీ తెరిచి, చెవి తీసి, కొత్తవాళ్ళ డబ్బీలో ఇంకొకటి పెట్టాలి. తెరవలేనివాళ్ళు ఎవర్నీ చేర్చలేరు.

"ప్రతి ఉత్తరానికీ ఆసుపత్రిని కూడా గ్రహీతగా చేర్చండి," అన్నాడు ఉమాపతి ఆనాడు. "లేకపోతే యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో నాకెలా తెలుస్తుంది?"

రత్నం లేచి నిలబడింది. "సార్, మీరు ఇంట్లో మీ ఆవిడతో మాట్లాడుతుంటే ఆసుపత్రి వాళ్ళు పక్కన కుర్చీ వేసుకు కూర్చుంటారా? వీళ్ళకి లేచి తలుపేసుకునే శక్తి లేదు. ఆ తలుపు మనమే వెయ్యాలి."

నీతి సంఘం వాళ్ళు రత్నం వైపే మొగ్గారు. రోగి తానుగా పేరు చెప్పినవాళ్ళు తప్ప ఇంకెవరూ గ్రహీతలు కాకూడదన్నారు. యంత్రం ఎలా పనిచేస్తోందో నెలకోసారి గ్రహీతలు కాగితం నింపి ఇస్తే చాలన్నారు. ఆ రాత్రి రత్నం ఇంటికి ఫోను చేసి గెలిచానని చెప్పింది. సింహాద్రి ఏం గెలిచావో అర్థం కాకపోయినా నవ్వి, మంచి పని చేశావన్నాడు.

గ్రహీత దగ్గర కూడా దొంగిలించడానికి వీలున్న వస్తువేదీ ఉండకూడదని రత్నం పట్టుబట్టింది. అందుకే వరహాలు తాళంచెవి ఏ పెట్టెలోనూ లేదు. మెదడు అలలను పట్టే టోపీ పెట్టుకుని, జబ్బు రాకముందు రికార్డు చేసిన సింహాద్రి గొంతు "వరాలూ" అని పిలవడం వింటే, ఆమె మెదడులో ఒక అల లేస్తుంది. అదే తాళంచెవి. అది ప్రపంచంలో ఇంకెవరికీ రాదు. పక్షవాతం తరవాత వరహాలుకి కూడా రావడం లేదు.

బిళ్ళ పెట్టినప్పుడు సింహాద్రి కళ్ళు ఇంకా ఆడేవి. ఎవరెవరు చదవాలో రెప్పలతో చెప్పమన్నారు. వరహాలు పేరు చెప్పాడు.

"నన్ను కూడా వేసుకో అన్నయ్యా, నీ యంత్రంలో సగం నాదే," అంది రత్నం.

సింహాద్రి భార్య వైపు చూసి, రెప్పలు రెండుసార్లు వేశాడు. వద్దని. అప్పుడు అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్వింది, కాస్త గుచ్చుకున్నా.

ఇప్పుడు అతను మనసు మార్చుకుని చెల్లెలి పేరు చెప్పినా, ఆ మాట కూడా ఉత్తరంలోనే వస్తుంది. తాళం వెనకే ఉండిపోతుంది.

*

నాలుగేళ్ళు వరహాలు ఆ ఇంటికి సింహాద్రి నోరైంది. రోజూ సాయంత్రం అయిదింటికి టోపీ పెట్టుకుని, ఉత్తరం కనిపించే కళ్ళద్దాలు తగిలించుకుని, గోడకి ఆనుకుని కూర్చునేది. పెదవులు కదపకుండా చదువుకునేది. తరవాత అద్దాలు తీసి చెప్పేది.

"మీ నాన్న ఏటన్నారో తెలుసా? పొద్దున్న కూసిన హారను గ్రీకు ఓడదంట. ఆ గొంతు ఆరికి తెలుసంట."

"ఏటి రత్నం, నీ మీద కూడా రాసినారు. కొండ మీద ఉజ్జోగం సేసి సేసి నీ నడుం వొంగిపోతందంట. అడుగుల సప్పుడులోనే తెలుస్తందంట ఆరికి."

ఒకసారి నళినికి లెక్కల్లో మార్కులు తగ్గితే సింహాద్రి తిట్టాడని చెప్పింది. నళిని ఏడ్చి, ఆ తరవాత పరీక్షకి పట్టుదలగా చదివి, కాగితం తెచ్చి తండ్రి కళ్ళ ముందు పట్టుకుంది. మర్నాటి ఉత్తరంలో మెచ్చుకున్నాడు. పత్రికల వాళ్ళు వచ్చి వరహాలు మాటలు రాసుకుని వెళ్ళారు. మాట పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఆ కథ చదివి ఎంతమంది కొండెక్కి వచ్చారో లెక్కలేదు. నెలనెలా ఇచ్చే కాగితంలో "ఉత్తరాలు స్పష్టంగా ఉన్నాయా?" అన్నచోట వరహాలు ఎప్పుడూ "ఉన్నాయి" అనే రాసింది. మిగతా ఎనిమిది ఇళ్ళ నుంచీ అదే జవాబు వచ్చేది.

పక్షవాతం తరవాత ఉమాపతి, రత్నం కలిసి వరహాలును వారానికి రెండుసార్లు ల్యాబుకి తీసుకెళ్ళేవాళ్ళు. టోపీ పెట్టి సింహాద్రి గొంతు వినిపించేవాళ్ళు. అల లేచేది గాని పాత అల కాదు. తాళం కదిలేది కాదు. మెదడు మెల్లగా కోలుకోవచ్చు, పాత దారి వెతుక్కోవచ్చు, ప్రయత్నిద్దాం అన్నాడు ఉమాపతి. ఆమె ఇదివరకు చదివిన ఉత్తరాన్నే పెడితే తేలికవుతుందని, నళిని పదిహేడో పుట్టినరోజు నాటిది ఎంచుకున్నారు. పక్షవాతానికి రెండు వారాల ముందుది. ఆ ఉత్తరం ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నళిని పుట్టిన రోజున తను సముద్రంలో ఉన్నాననీ, రేవుకి రాగానే చెప్పుల్లేకుండా ఆసుపత్రికి పరుగెత్తాననీ, కాపలావాడు లోపలికి పోనివ్వకపోతే కిటికీలోంచి చూశాననీ సింహాద్రి రాశాడు. వరహాలు చదివి చెబుతుంటే ఆ రోజు అందరూ ఏడ్చారు.

నెలలు గడిచాయి. రత్నం ల్యాబులో తన గదిలో కూర్చుని, లైబ్రరీలో గ్రహీతను చేర్చే భాగాన్ని తెరిచి చూసేది. అందులో ఒక వరస ఉంది. ఉత్తరం తెరుచుకున్నాక, ఇంకొకర్ని చేర్చాలంటే తెరిచినవాళ్ళ సమ్మతి అడిగే వరస. ఒక మధ్యాహ్నం ఆమె తన సొంత ప్రతిలో ఆ ఒక్క వరసా తీసేసింది. ఊరికే చూద్దామని తీశాననుకుంది. మళ్ళీ పెట్టలేదు.

*

ముప్ఫయ్యేడో ప్రయత్నంలో తెరుచుకుంది.

పగలు పదకొండు గంటలు. ల్యాబులో వరహాలు, రత్నం ఇద్దరే ఉన్నారు. "వరాలూ" అని సింహాద్రి గొంతు పలికింది. తెర మీద అల లేచి, వంగి, పాత గీత మీద సరిగ్గా కూర్చుంది. వరహాలు అద్దాల్లో ఉత్తరం వెలిగింది. రత్నం తెర మీద ఇంకొకర్ని చేర్చే మీట వచ్చింది. అల ఎంతసేపు నిలుస్తుందో తెలియదు.

"వదినా, నన్ను చేర్చనా? నేను చదివి పిల్లకి చెప్తాను. చేర్చనా?"

వరహాలు తల అడ్డంగా ఊపింది. గట్టిగా, రెండుసార్లు. ఎడమచెయ్యి ఎత్తి రత్నం మణికట్టు పట్టుకుంది. "రేపు! రేపు!"

రత్నం రెండో చేత్తో మీట నొక్కింది.

ఎనిమిది సెకన్ల తరవాత అల చెదిరిపోయి ఉత్తరం మూసుకుంది. ఆ తరవాత ఇంకెప్పుడూ తెరుచుకోలేదు. అయితే ఆ ఎనిమిది సెకన్లలో ఆ ఒక్క ఉత్తరానికి రెండో డబ్బీ తగులుకుంది. వరహాలు చెయ్యి వదిలేసి అద్దాలు తీసింది. రత్నం వైపు చూడలేదు.

వదినని ఇంటి దగ్గర దింపి వచ్చి, తన గది తలుపేసుకుని, రత్నం ఉత్తరం తెరిచింది.

*నీళ్ళు నీళ్ళు తాడు నీళ్ళు పట్టు పట్టు నీళ్ళు వా వా తాడు ఇనప నీళ్ళు పట్టు నీళ్ళు వా*

అలాగే కిందిదాకా ఉంది. నళిని లేదు, పుట్టినరోజు లేదు, కిటికీ లేదు. ఒక్క వాక్యం లేదు. రత్నం మొదటి అక్షరాలు కలిపి చూసింది. వెనకనుంచి చదివింది. ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో, ఎంతెంత దూరంలో వచ్చిందో లెక్కేసింది. పదిహేనేళ్ళుగా ఆమె చేసే పని అదే. దానిలో దాచిందేమీ లేదు. దాచాలంటే లోపల ఒకరుండాలి.

మర్నాడు ఆమె మల్కాపురం వెళ్ళి, నళిని కాలేజీకి పోయాక, వరహాలు ముందు నేల మీద కూర్చుంది.

"చదివాను వదినా."

వరహాలు కిటికీ వైపు చూస్తోంది.

"చెప్పుల్లేకుండా పరుగెత్తాడన్నావు. కిటికీలోంచి చూశాడన్నావు. అది నిజంగా జరిగిందా?"

వరహాలు తల ఊపింది. జరిగింది. అతను రాయలేదంతే.

"ఎప్పట్నుంచి ఇలా వస్తున్నాయి? ఏడాదా?" వరహాలు చూపు తిప్పలేదు. "రెండేళ్ళా?" రత్నం దగ్గరగా జరిగింది. "మొదట్నుంచీనా వదినా?"

వరహాలు కళ్ళు మూసుకుంది. ఆ మూతకి అర్థం ఔనా, ఇంక అడక్కు అనా, అలసటా, రత్నానికి తెలియలేదు. చాలాసేపు ఎదురుచూసింది. వదిన కళ్ళు తెరవలేదు.

*

"ఆవిడ వద్దన్నాక మీరు నొక్కారు," అన్నాడు ఉమాపతి. ఉత్తరం ప్రతి బల్ల మీద ఉంది. అతను చదివాడు. చదివి, బోర్లించి పెట్టాడు.

"ఔను సార్. దానికి ఏ శిక్ష వేసినా సరే. ముందు దీని సంగతి చూడండి. నాలుగేళ్ళుగా మన యంత్రం బాగా పనిచేస్తోందని మనకున్న సాక్ష్యం ఆ నెలవారీ కాగితాలొక్కటే. మా వదిన రాసింది అబద్ధం."

"ఒక్క ఉత్తరం రత్నం గారూ. అందులో ఎన్ని అర్థాలున్నాయో చూడండి. మీ అన్నయ్య మనసు చెదిరిపోయి ఉండొచ్చు. లేదా ఆయన లోపల నిక్షేపంగా ఉండి, చక్కగా వాక్యాలు చెబుతుంటే, మన బిళ్ళకే చెవుడొచ్చి నీళ్ళు నీళ్ళు అని వింటూ ఉండొచ్చు."

రత్నం అది ఆలోచించలేదు. కుర్చీ చేతులు పట్టుకుంది. "ఏదో ఎలా తెలుస్తుంది?"

"ఆయన్ని అడగాలి. అడగడానికి ఉన్న దారి ఆ బిళ్ళే."

ఉమాపతి చెడ్డవాడు కాదు. ఆ ఇద్దరు పోయినప్పుడు వాళ్ళ ఊళ్ళకి వెళ్ళి, చీదరింపులు పడి, దినాల దాకా ఉండి వచ్చిన మనిషి. ఇప్పుడు అతని చేతులు బల్ల మీద దేన్నో సర్దుతున్నాయి, సర్దడానికి అక్కడేం లేకపోయినా.

"వచ్చే నెల ఇంకొకరికి పెట్టబోతున్నారు కదా సార్. శ్రీకాకుళం బస్సు కండక్టరుకి. ఆపండి."

"ఎనిమిది ఇళ్ళకీ ఉత్తరాలు రాస్తాను. ఒక్కొక్కరూ ఒకే ఒక్క ఉత్తరానికి ఒక పరీక్షకుణ్ణి గ్రహీతగా చేర్చమని అడుగుతాను. ఒక్కరు చేర్చినా సరే, చూసి ఆపేస్తాను. ఎవరూ చేర్చకపోతే నా చేతిలో ఏముంటుంది? మీరు దొంగిలించిన కాగితం. దాన్ని సంఘం ముందు పెట్టడానికి లేదు. ఆ నియమం రాయించిందీ మీరే."

మూడు వారాల్లో ఎనిమిది జవాబులూ వచ్చాయి. సమ్మతి లేదు. సమ్మతి లేదు. మా అమ్మాయి మాటలు మావి. సమ్మతి లేదు. ఒకరు కాగితం మడిచి, ఏమీ రాయకుండానే తిప్పి పంపారు.

*

బొబ్బిలిలో జోగారావు మాస్టారు భార్య విమలకి మొదటి విడతలోనే బిళ్ళ పెట్టారు. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. రత్నం చెప్పాపెట్టకుండా వెళ్ళింది. ఆయన వీధి అరుగు మీద భార్య నైటీలు ఆరవేస్తున్నాడు. రత్నాన్ని చూసి ఎందుకొచ్చిందో అడగలేదు. కూర్చోమని మజ్జిగ ఇచ్చాడు.

"అమ్మగారు ఎలా రాస్తున్నారు మాస్టారూ?"

"బాగానే రాస్తోందమ్మా."

"ఏం రాస్తున్నారు?"

"పాత సంగతులు. పెళ్ళైన కొత్తలో పార్వతీపురంలో ఉన్నాం కదా, అవీ ఇవీ."

రత్నం గ్లాసు కింద పెట్టింది. తన అన్న ఉత్తరంలో ఏముందో చెప్పింది. తను ఎలా సంపాదించిందో, తప్పు మనసుదో బిళ్ళదో డాక్టరుకీ తెలియదనీ కూడా చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నాడు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు, ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోకపోవడం చూసి రత్నానికి అన్నీ తెలిసిపోయాయి.

"ఒక్క ఉత్తరం మాస్టారూ. ఒక్కదానికి చేర్చండి. లేకపోతే వచ్చే వారం ఇంకో మనిషి పుర్రె తొలుస్తారు. పదకొండు మందిలో ఇద్దరు దానివల్లే పోయారు."

"నువ్వు లెక్క తప్పిందని చూపించడానికి వచ్చావమ్మా," అన్నాడు మాస్టారు. "ముప్ఫయ్యారేళ్ళు నేనూ అదే పని చేశాను. ఎర్ర సిరాతో గీతలు కొట్టేవాణ్ణి. పిల్లల మొహాలు ఎలా అయ్యేవో చూసేవాణ్ణి కాదు." కొంచెం ఆగాడు. "నేను చేర్చాననుకో. మీకు ఒక ఉత్తరం దొరుకుతుంది. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఆదివారం ఫోను చేసి అమ్మ ఏం రాసింది నాన్నా అంటాడు. అప్పుడు నేనేం చెప్పను?"

"నిజం చెప్పండి."

"అది ఏదో మీ డాక్టరుకే తెలియదన్నావుగా."

మాస్టారు లేచి బట్టల బుట్ట తీసుకున్నాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "మా ఆవిడ బాగానే రాస్తోందమ్మా. అలాగే రాసుకో," అన్నాడు.

*

కండక్టరు పేరు తిరుపతిరావు. ముప్ఫయ్యారేళ్ళ వాడు. ఆపరేషనుకి రెండు రోజుల ముందు అతని భార్య భూలక్ష్మి ల్యాబు వరండాలో, మూత ఉన్న స్టీలు గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రత్నం ఆమె పక్కన కూర్చుని తనెవరో చెప్పింది.

"ఆ సారంగు గారి సెల్లెలా?" భూలక్ష్మి మొహం విప్పారింది. "ఆరి గురించి పేపర్లో సదివినాం అమ్మా. గ్రీకు ఓడ హారను గుర్తుపట్టినారంట కదా. మా ఆయనకి సదివి ఇనిపిత్తే కళ్ళంట నీళ్ళెట్టుకున్నాడు."

"అది మా అన్నయ్య రాయలేదమ్మా. మా వదిన కల్పించి చెప్పింది." రత్నం ఉన్నదున్నట్టు చెప్పింది. నీళ్ళు, తాడు, ఇనప. ఇద్దరు చనిపోయిన సంగతి. "చేయించకమ్మా. నీకు దణ్ణం పెడతాను. ఇప్పుడు కనీసం రెప్పలతో మాట్లాడుతున్నాడు. ఉన్నన్నాళ్ళు ఆ మాటలు విను."

భూలక్ష్మి చాలాసేపు గిన్నె మూత మీద వేలు తిప్పుతూ ఉండిపోయింది.

"రెప్పలు కూడా ఆగిపోతన్నాయమ్మా. నిన్న నా పేరుకి మూడు గంటలట్టింది." కళ్ళు తుడుచుకుంది. "నీళ్ళనైనా అంటన్నారు కదా మీ అన్నయ్య. ఒక్క మాటొచ్చినా సాలు నాకు. మిగతాది నాను సూసుకుంటాను."

ఆ ఆఖరి మాట విని రత్నం లేచి నిలబడింది.

ఆపరేషను జరిగింది. తిరుపతిరావు బతికాడు. నెల తిరిగేసరికి భూలక్ష్మి మొదటి కాగితం నింపి ఇచ్చింది. "స్పష్టంగా ఉన్నాయా?" అన్నచోట, కొత్తగా అక్షరాలు దిద్దినట్టు గుండ్రంగా, "ఉన్నాయి" అని రాసింది. ఆ పూట వరండాలో రత్నం ఎదురుపడితే చీర కొంగు సరిచేసుకుని పక్కగా తప్పుకుపోయింది.

రత్నం రాజీనామా ఇచ్చింది. సమ్మతి అడిగే వరస తీసేసిన తన ప్రతిని చెరిపేసి, లైబ్రరీని ఉన్నదున్నట్టు అప్పగించింది. దానిలో తప్పేమీ లేదు. రాసింది రాసినట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా పనిచేస్తోంది.

*

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె మల్కాపురం బస్సెక్కింది. నళినికి ఇంక చెప్పెయ్యాలని నిశ్చయించుకునే ఎక్కింది. ఏ మాటతో మొదలుపెట్టాలో దారంతా పేర్చుకుంది. ముందు అమ్మ మీద కోపం తెచ్చుకోవద్దని చెప్పాలి. ఆ తరవాత నాన్న సంగతి.

ఇంట్లో నళిని తండ్రి మంచం పక్కన కూర్చుని పేపరు చదువుతోంది. ఏడాదిగా రోజూ చదివి వినిపిస్తుంది. గోడకి ఆనించిన కుర్చీలో వరహాలు ఉంది. రత్నం చెప్పులు విప్పకముందే నళిని పేపరు మడిచింది.

"అమ్మ ఒకసారి ఉత్తరం తెరిచిందంట కదా. డాక్టరు గారు నిన్న ఫోన్లో అన్నారు. రెండు నెలలైంది. నువ్వు నాకు చెప్పలేదు."

"చెబుదామనే వచ్చానే."

"నువ్వు చదివావా?"

"చదివాను."

"నా పుట్టినరోజుదే కదా? అది అమ్మ అప్పుడే చెప్పేసింది," అంది నళిని. గొంతు నిలకడగా ఉంచుకోవాలని చూస్తోంది, ఉండటం లేదు. "అమ్మ అంతా చెప్పిందా, ఏమైనా వదిలేసిందా? నేను రోజూ పేపరు చదువుతున్నాను అత్తా. పరీక్షల్లో కూడా మానలేదు. వింటున్నాడా? ఆ ఒక్కటీ చెప్పు. నేను చదివేది నాన్న వింటున్నాడా?"

రత్నం బస్సులో పేర్చుకున్న మొదటి మాట నోటిదాకా వచ్చింది. మంచం వైపు చూసింది. సింహాద్రి కళ్ళు సగం మూసి ఉన్నాయి. ఊపిరి యంత్రం ఛాతీని ఎత్తి దించుతోంది. ఆ కళ్ళ వెనక ఎవరూ లేరో, లేక అన్నదంతా విని, అరిచి, అరిచి, అరిచిన ప్రతి మాటా నీళ్ళయిపోతున్న మనిషి ఉన్నాడో. కుర్చీలోంచి వరహాలు ఆమెనే చూస్తోంది. ఏమీ అడగడం లేదు. చూస్తోందంతే.

"వింటున్నాడు," అంది రత్నం.

నళిని మొహం చేతుల్లో దాచుకుంది. "అలాగే రాశాడా?"

"అలాగే. పేపరు మరీ గబగబా చదివేస్తోంది, రేవులోకి వచ్చే ఓడల పేర్ల దగ్గర కాస్త ఆగమను అన్నాడు."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది రత్నానికి. మాటలు అతుకులు అతుకులుగా వస్తున్నాయి. వదినకి వచ్చినంత సులువుగా రావడం లేదు. నళిని చేతులు తీసి, తడి కళ్ళతోనే నవ్వి, తండ్రి చెయ్యి పట్టుకుంది.

"మెల్లగా చదువుతాలే నాన్నా." మళ్ళీ ఇటు తిరిగింది. "ఇంకా?"

రత్నం వదిన వైపు చూసింది. వరహాలు పక్కకి జారిపోయిన మొహంతోనే, కళ్ళు తుడుచుకోకుండానే, మెల్లగా తల ఊపింది.

రత్నం కుర్చీ లాక్కుని మంచం దగ్గర కూర్చుని, ఇంకో మాట కోసం వెతుక్కుంది.